ఇంటి నుంచి చేసే కస్టమర్ సర్వీస్ ఉద్యోగం: బెంగళూరులో ఇంటర్వ్యూకి ఇలా సిద్ధమవ్వండి

ఆదివారం పొద్దున మా పిన్ని కూతురు హిందూపురం నుంచి వచ్చి, బ్యాగు దించకముందే మొదలుపెట్టింది. "అక్కా, బుధవారం నాకు ఇంటర్వ్యూ ఉంది. వర్క్ ఫ్రమ్ హోమే. కస్టమర్ సర్వీస్ అంట. నా ఇంగ్లిష్ చూసి తీసుకోరేమో అని టెన్షన్‌గా ఉంది."

బెంగళూరులో నేను ఈ పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. మొదటి ఐదేళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ తీసుకున్నాను, తర్వాత టీమ్ లీడర్‌నయ్యాక ఇంటర్వ్యూలు చేయడం మొదలుపెట్టాను. ఇంగ్లిష్ బాగా మాట్లాడేవాళ్లను వద్దనుకున్న రోజులున్నాయి, తడబడుతూ మాట్లాడినవాళ్లను తీసుకున్న రోజులూ ఉన్నాయి. ఎందుకంటే ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లం ముందుగా వినేది ఒకటుంది. అవతలి మనిషి తన సమస్య చెప్పుకుంటే ఈ అభ్యర్థి చివరిదాకా పట్టుకుంటుందా, మధ్యలో వదిలేస్తుందా? హెచ్ఆర్ ఫోన్ చేసి 'హలో' అన్న క్షణం నుంచి మేం చూసేది అదే. అంటే మీ ఇంటర్వ్యూనే మీరు తీసుకునే మొదటి కస్టమర్ కాల్. ఆ మూడు రోజులూ చెల్లికి చెప్పినవన్నీ వరుసగా రాస్తున్నాను.

1. మొదటి ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

నౌక్రీలోనో లింక్డ్‌ఇన్‌లోనో అప్లై చేశాక హెచ్ఆర్ నుంచి ఒక ఫోన్ వస్తుంది. మీరు బస్సులో ఉన్నప్పుడో, కూరగాయల దగ్గర బేరమాడుతున్నప్పుడో వస్తుంది. ఆ గోలలో మాట్లాడకండి. "ఇప్పుడు బయట ఉన్నానండి, ఇరవై నిమిషాల్లో నేనే ఫోన్ చేయొచ్చా?" అని అడిగి, చెప్పిన టైమ్‌కి కచ్చితంగా చేయండి. చెప్పిన టైమ్‌కి ఫోన్ చేయడం ఈ ఉద్యోగంలో సగం పని. అది మీకు వచ్చని వాళ్లకు అక్కడే తెలిసిపోతుంది.

ఆ కాల్‌లో మీరు అడిగి రాసుకోవాల్సినవి కొన్నున్నాయి. మనకు అప్పగించే పనిని ఇక్కడ 'ప్రాసెస్' అంటారు. అది ఫోన్‌లో మాట్లాడే వాయిస్ ప్రాసెసా, చాట్, ఈమెయిల్ ప్రాసెసా, రెండూ కలిపిన బ్లెండెడా? ఇన్‌బౌండా, అవుట్‌బౌండా? ఇన్‌బౌండ్‌లో కస్టమరే మనకు ఫోన్ చేస్తారు. అవుట్‌బౌండ్‌లో మనం చేస్తాం, అందులో సేల్స్ టార్గెట్లూ కలెక్షన్లూ ఉండొచ్చు. 'కస్టమర్ సర్వీస్' అని ప్రకటన ఇచ్చి లోన్ కలెక్షన్లలో పెట్టే చోట్లు ఉన్నాయి, కాబట్టి ఈ ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. ఏ దేశం కస్టమర్లో కూడా తెలియాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. లండన్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. వాళ్ల గడియారాలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, వాటితోపాటు మీ షిఫ్టూ జరుగుతుంది. 'యూఎస్ షిఫ్ట్' అంటే ఇంట్లోవాళ్లు నిద్రపోయే వేళ మీరు గట్టిగా మాట్లాడతారని అర్థం. ఒకటే గది ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి: 'పూర్తిగా ఇంటి నుంచేనా?' అని అడగండి. మన దేశంలో ఈ పని ఇంటి నుంచి చేయడానికి దారి సులువైంది 2020 నవంబర్‌లో, టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించినప్పుడు. అయినా చాలా కంపెనీలు ట్రైనింగ్‌ని ఆఫీసులోనే పెడతాయి. ల్యాప్‌టాప్ తీసుకోవడానికీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడానికీ ఒకసారి రమ్మంటాయి. ఊళ్లో ఉంటూ అప్లై చేస్తుంటే ఇది ముందే తెలియాలి. చెల్లికి ఎలక్ట్రానిక్ సిటీలో మూడు వారాల ట్రైనింగ్ అన్నారు. మా ఇల్లు కె.ఆర్.పురంలో. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని రోజూ వెళ్లిరావడం కుదరదని అప్పుడే అక్కడి పీజీ హాస్టళ్ల కోసం వెతికాం.

2. డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి

ఇంటి నుంచి ఉద్యోగం అనగానే మోసగాళ్లు ఎగబడతారు, అందుకే ఇది ఇంటర్వ్యూ కంటే ముందు చెప్పాలి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్, 'జీతంతోపాటు తిరిగి ఇచ్చేస్తాం' అనే సెక్యూరిటీ డబ్బు, ఏ పేరుతో అడిగినా సరే, నిజమైన కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పది ప్రశ్నలు అడిగి గంటలో ఆఫర్ లెటర్ పంపితే అది ఉద్యోగం కాదు. ఈమెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో, మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందో చూడండి. కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే రిజిస్టరై ఉందో లేదో కనిపిస్తుంది. కంపెనీ పేరు నిజమే అయినా, దాని పేరు వాడుకుని వేరేవాళ్లు ఫోన్ చేస్తుండొచ్చు. అందుకే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో కూడా చూసుకోండి.

మీ బ్యాంకు ఖాతాని 'కంపెనీ పేమెంట్ల కోసం' వాడుకుంటామన్నా, మీ పేరు మీద సిమ్ తీసుకోమన్నా ఒప్పుకోకండి. రేపు కేసు మీ మీదే పడుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఆధార్ కాపీ పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఉంటుంది.

3. గది, నెట్, కరెంటు

నా మొదటి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇంటర్వ్యూ బీటీఎమ్ లేఅవుట్‌లో ఒక పీజీ గది నుంచి ఇచ్చాను. సగంలో కింద ట్యాంకర్ వచ్చింది, మోటార్ వేశారు. ఆ శబ్దానికి భయపడి చెప్పాపెట్టకుండా మ్యూట్ చేసి, కిటికీ మూయడానికి లేచాను. తిరిగొచ్చి కూర్చునేసరికి స్క్రీన్ మీద అవతలివాళ్లు లేరు. వాళ్లు నాలుగైదుసార్లు 'హలో' అని పిలిచి పెట్టేశారని తర్వాత తెలిసింది. అప్పుడు చాలా బాధపడ్డాను. నేనే ఇంటర్వ్యూలు చేసే స్థానంలోకి వచ్చాక అర్థమైంది, వాళ్లు మోటార్ శబ్దానికి పెట్టేయలేదు. చెప్పకుండా మాయమైనందుకు పెట్టేశారు. "బయట మోటార్ శబ్దం వస్తోందండి, పది సెకన్లు ఇవ్వండి, కిటికీ మూసి వస్తాను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాల్ సెంటర్ భాషలో దీన్ని డెడ్ ఎయిర్ అంటారు. కారణం చెప్పకుండా వదిలిన నిశ్శబ్దం కస్టమర్‌కి తిట్టులా వినిపిస్తుంది.

శబ్దం విషయంలో చేయాల్సింది ఇదీ: ఇంటర్వ్యూ ఏ వేళకో అదే వేళకి ఒకరోజు ముందు ఆ గదిలో కూర్చుని ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డ్ చేయండి. కుక్కరు విజిలు, పక్క సైట్‌లో డ్రిల్లింగు, స్కూలు బెల్లు, ఫ్యాను కిర్రుమనడం, మన చెవి అలవాటుపడి వదిలేసినవన్నీ అందులో వినిపిస్తాయి. పీజీలో ముగ్గురు ఉండే గదైతే రూమ్మేట్లను గంటసేపు బయటికి వెళ్లమని ముందురోజే అడగండి. కుదరకపోతే స్నేహితుల ఇంటికి వెళ్లండి, లేదా గంటల లెక్కన ఇచ్చే కో‌వర్కింగ్ చోట మూసి ఉండే చిన్న గది తీసుకోండి. కెఫేలో మాత్రం వద్దు.

నెట్ విషయంలో చాలామంది 'మాది 100 ఎంబీపీఎస్' అని ధీమాగా ఉంటారు. ఒక వాయిస్ కాల్‌కి సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు. అంటే కాల్ తెగేది స్పీడ్ తక్కువై కాదు, నెట్ నిలకడగా లేక. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు డౌన్‌లోడ్ అంకెతోపాటు పింగ్ (సిగ్నల్ వెళ్లిరావడానికి పట్టే టైమ్), జిట్టర్ (ఆ టైమ్‌లో వచ్చే హెచ్చుతగ్గులు) కూడా చూడండి. మాట ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలవుతుంది. వైఫై బదులు రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ వేసుకుంటే ఈ గొడవ చాలావరకు పోతుంది. అంత పొడవు కేబుల్ వేయలేని ఇల్లయితే, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి కనెక్ట్ అవ్వండి.

కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మెయింటెనెన్స్ కోసం కరెంటు తీసే ఏరియాల వివరాలు బెంగళూరుకి కరెంటు ఇచ్చే బెస్కామ్ ముందుగా ప్రకటిస్తుంది, ముందురోజు ఒకసారి చూసుకోండి. 1912కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, కానీ రౌటర్ ఆగిపోతుంది. ఎక్కువ రౌటర్లు 12 వోల్ట్‌ల అడాప్టర్ మీద నడుస్తాయి కాబట్టి వాటికి పెట్టే మినీ యూపీఎస్ ఒకటి కొనుక్కోండి. ఉద్యోగం వచ్చాక కూడా పనికొస్తుంది. దానితోపాటు వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకుని, ల్యాప్‌టాప్‌ని దానికి ముందే ఒకసారి కలిపి చూసుకోండి. 'కరెంటు పోతే ఏం చేస్తారు?' అనే ప్రశ్న ఈ ఇంటర్వ్యూల్లో దాదాపు తప్పదు. మీ జవాబు అప్పుడు ఊహ కాదు, చేసి చూసింది.

హెడ్‌సెట్ వైరున్న యూఎస్‌బీ రకం మంచిది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి చార్జింగ్ అయిపోవడం, మైక్ మారిపోవడం లాంటి ఇబ్బందులుంటాయి. మైక్ నోటికి ఎదురుగా కాకుండా, గడ్డం పక్కన రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఎదురుగా ఉంటే ఊపిరి శబ్దమే ఎక్కువ వినిపిస్తుంది.

కొందరు కెమెరా తిప్పి గది చూపించమంటారు. తప్పుగా అనుకోకండి. కార్డు పేమెంట్లు చూసే ప్రాసెస్‌లకు పీసీఐ డీఎస్‌ఎస్ అనే భద్రతా ప్రమాణం ఉంటుంది. కార్డు నంబర్ ఎవరూ రాసుకోకుండా, ఫోటో తీయకుండా ఉండాలని టేబుల్ మీద పెన్ను, కాగితం, ఫోన్ లేకుండా చేస్తారు. దాన్నే క్లీన్ డెస్క్ అంటారు. తలుపు గడియపెట్టుకోగల గది మీకుందా లేదా అన్నది అందుకే ముఖ్యం.

4. వాయిస్ టెస్టు, టైపింగ్ టెస్టు

మనిషితో మాట్లాడే ముందు మెషీన్ పరీక్ష ఒకటి ఉండొచ్చు. ఇంగ్లిష్ ప్రాసెస్‌లకు వెర్సెంట్ లాంటి టెస్టులు పెడతారు. వాక్యాలు చదవమంటుంది, విన్న వాక్యాన్ని తిరిగి అనమంటుంది, చిన్న కథ వినిపించి మీ మాటల్లో చెప్పమంటుంది. మార్కులు కంప్యూటరే వేస్తుంది. విన్నదాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడమే ఇందులో కష్టం. రోజూ రేడియోలోనో టీవీలోనో ఇంగ్లిష్ వార్తలు పెట్టుకుని, ఒక్కో వాక్యానికీ ఆపి పైకి అనండి. వారంలోనే తేడా తెలుస్తుంది.

యాస గురించి ఒక మాట. విదేశీ యాస తెచ్చిపెట్టుకోకండి, రెండో నిమిషంలో జారిపోతుంది. మాట అవతలివాళ్లకు అర్థమైతే చాలు. కాకపోతే మన తెలుగువాళ్లకు రెండు అలవాట్లున్నాయి. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఆగదు. అందుకే ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా 'కార్డు', 'బ్యాంకు', 'లేటు' అంటాం. చివరి ఉకారం తీసేసి అలవాటు చేసుకోండి. రెండోది, అచ్చుతో మొదలయ్యే మాటల ముందు ఒక హల్లు తగిలిస్తాం: 'ఎయిట్'ని 'యెయిట్' అనీ, 'ఓపెన్'ని 'వోపెన్' అనీ. అంకెలూ అక్షరాలూ చెప్పేటప్పుడు దీనివల్లే పొరపాట్లు జరుగుతాయి. అక్షరాలు చెప్పాల్సి వస్తే బి ఫర్ బ్రావో, డి ఫర్ డెల్టా, పి ఫర్ పాపా, టి ఫర్ టాంగో అని మొత్తం వరుస కంఠతా పట్టండి. మీ పేరు స్పెల్లింగ్ అడిగినప్పుడు ఇలా చెబితే, పని తెలిసిన మనిషని ప్యానెల్‌కి వెంటనే అర్థమవుతుంది.

టైపింగ్‌కి నిమిషానికి 30 పదాలు లక్ష్యం పెట్టుకోండి. చాట్ ప్రాసెస్ అయితే 40. వేగం కంటే తప్పులు లేకపోవడం ముందు.

5. మాక్ కాల్: ఉద్యోగం తేలేది ఇక్కడే

ఆపరేషన్స్ రౌండ్‌లో మేనేజరో టీమ్ లీడరో కస్టమర్‌లా నటిస్తారు, మీరు ఏజెంట్. ఆదివారం సాయంత్రం చెల్లితో ఇదే చేశాను. వంటింట్లో నేను కస్టమర్‌ని, హాల్లో తను ఏజెంట్, ఫోన్‌లో మాట్లాడుకున్నాం.

"మీ యాప్‌లో డెలివర్డ్ అని చూపిస్తోంది. నాకు ఏ పార్సెలూ రాలేదు. 2,300 కట్టాను. మధ్యలో ఎవరు తిన్నట్టు?" అన్నాను.

"సారీ మేడమ్. ఇన్‌కన్వీనియన్స్‌కి సారీ మేడమ్. చూస్తాను మేడమ్" అంది. తర్వాత అర నిమిషం ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత, "రెండు రోజుల్లో మీ రీఫండ్ వచ్చేస్తుంది మేడమ్."

మాట్లాడిన తీరు మెత్తగానే ఉంది, కానీ ఆ కాల్ ఫెయిల్. నేనెవరో తెలుసుకోలేదు. అసలేం జరిగిందో అడగలేదు. తన చేతిలో లేని రీఫండ్‌కి మాటిచ్చేసింది. ఆ డబ్బు మూడో రోజు రాకపోతే, నేను రెండింతల కోపంతో ఇంకో ఏజెంట్ మీద పడతాను. కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. కోపంగా ఉన్న మనిషిని చల్లార్చాలన్న తొందరలో వాగ్దానాలు చేసేస్తారు. ప్యానెల్‌లో ఉన్నవాళ్లు కావాలనే కోపం నటించేది ఈ తొందర బయటపడుతుందేమో చూడటానికే.

మంగళవారం రాత్రికి అదే కాల్ ఇలా మారింది.

"అర్థమైంది మేడమ్. 2,300 కట్టారు, యాప్‌లో డెలివర్డ్ అని ఉంది, పార్సెల్ మాత్రం మీ చేతికి రాలేదు. అంతేనా అండి?"

"అంతే."

"డబ్బు కట్టాక వస్తువు రాకపోతే ఎవరికైనా కోపం వస్తుందండి. ఇప్పుడే చూస్తాను. ముందు మీ పేరు, రిజిస్టర్ చేసిన మొబైల్ నంబర్ చెప్తారా?"

చెప్పాను.

"థాంక్స్ అండి. ఆర్డర్ తెరుస్తున్నాను, కొన్ని సెకన్లు పడుతుంది. ఈరోజు మధ్యాహ్నం 1:40కి ఇచ్చినట్టు ఉంది. ఆ టైమ్‌లో ఇంట్లో ఎవరైనా ఉన్నారా? సెక్యూరిటీ దగ్గర గానీ పక్కింట్లో గానీ అడిగారా?"

"అందర్నీ అడిగాను. ఎవరికీ ఇవ్వలేదు."

"సరే అండి. అయితే డెలివరీ టీమ్ మీద కంప్లైంట్ పెడుతున్నాను. వివరాలు ఎక్కించడానికి రెండు నిమిషాలు హోల్డ్‌లో పెట్టొచ్చా?"

హోల్డ్‌కి అనుమతి అడిగింది, ఎంతసేపో చెప్పింది, రెండు నిమిషాల లోపే తిరిగొచ్చింది. "ఆగినందుకు థాంక్స్ అండి. కంప్లైంట్ నమోదైంది, నంబర్ మెసేజ్‌లో వస్తుంది. రేపు సాయంత్రం ఆరు లోపు డెలివరీ టీమ్ మీకు ఫోన్ చేస్తుంది. వాళ్లు విచారించాకే రీఫండా, మళ్లీ పంపడమా అన్నది తేలుతుంది. ఇంకేమైనా చూడాలా అండి?"

ఇందులో పెద్ద ఇంగ్లిష్ ఏమీ లేదు. విన్నది తిరిగి చెప్పింది, మనిషిని నిర్ధారించుకుంది, ప్రశ్నలతో విషయం తెలుసుకుంది, తన చేతిలో ఉన్నదానికి టైమ్ చెప్పింది, లేనిదాన్ని లేదని చెప్పింది. మాక్ కాల్‌లో మీ ముందు నిజమైన సిస్టమ్ ఉండదు కాబట్టి డెలివరీ టైమ్ లాంటి వివరాలు మీరే ఊహించి చెప్పొచ్చు. కానీ కంపెనీ నియమాలు ఊహించకండి. కాల్ మొదలుపెట్టే ముందే "కంప్లైంట్‌కి ఎంత టైమ్ చెప్పాలి?" అని ప్యానెల్‌ని అడగండి. అలా అడిగినవాళ్లను నేను గుర్తుపెట్టుకునేదాన్ని.

ప్యానెల్ వేసే చిక్కుముళ్లు మరికొన్ని ఉన్నాయి. 'ఆర్డర్ మా ఆవిడ పేరు మీద ఉంది, అడ్రస్ మార్చండి' అంటారు. గొంతులో ఎంత నమ్మకం ఉన్నా, వెరిఫికేషన్ కాకుండా మార్చకూడదు. "మీ భద్రత కోసమే అండి, మేడమ్‌నే ఒకసారి లైన్‌లోకి రమ్మంటారా?" అనండి. 'నీతో మాట్లాడను, మేనేజర్‌ని ఇవ్వు' అంటే వెంటనే ఇచ్చేయకండి, ఇవ్వనని మొండికేయకండి. "తప్పకుండా కలుపుతానండి. ఈలోగా విషయం నాకు చెబితే నేనే పరిష్కరించగలనేమో చూస్తాను" అని ఒకసారి ప్రయత్నించి, అప్పటికీ కావాలంటే కలపండి. బూతులు తిడితే గొంతు పెంచకుండా, "మీ సమస్య తీర్చాలనే ఉన్నానండి, ఆ మాటలు లేకుండా మాట్లాడదాం" అని ఒకసారి చెప్పండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే 'తెలియదు' అని ఆపేయకుండా "కనుక్కుని చెప్తాను" అనండి.

6. తెలుగు ప్రాసెస్ అయితే

బెంగళూరులో కూర్చుని తెలుగు కస్టమర్లకు పనిచేసే ప్రాసెస్‌లు చాలా ఉన్నాయి: బ్యాంకులు, టెలికాం, షాపింగ్ యాప్‌లు, ఇన్సూరెన్సు. తెలుగుతోపాటు కన్నడమో హిందీయో వస్తే ఇంకా మంచిది. 'తెలుగే కదా, వచ్చు' అని ఏమీ సిద్ధం కాకుండా వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఎందుకంటే ఇంగ్లిష్ స్క్రిప్టుని మనసులో మాటకు మాట తర్జుమా చేసి మాట్లాడతారు. 'మీరు నాకు మీ నంబర్‌ను అందించగలరా?' అని ఏ ఇంట్లో అంటారు? "మీ నంబర్ చెప్తారా అండి?" అంటే చాలు. 'మీ సహనానికి ధన్యవాదాలు' బదులు "ఇంతసేపు ఆగినందుకు థాంక్స్ అండి". 'నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?' బదులు "చెప్పండి, ఏం చూడమంటారు?" స్క్రిప్టులో ఉన్నది అలాగే చదవాలని కంపెనీ అంటే చదవాల్సిందే, కానీ ఇంటర్వ్యూలో మీ సొంత తెలుగు వినిపించండి.

పూర్తిగా గ్రాంథికంలోకి కూడా పోకండి. 'లావాదేవీ విఫలమైంది' కంటే "పేమెంట్ ఫెయిల్ అయింది" అందరికీ అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అవతలివాళ్ల తెలుగు మీకు అర్థం కావడం. ఒకే సమస్యని వరంగల్ నుంచి ఒకాయన "పైసలు కట్ అయినయ్, రీచార్జ్ కాలే" అంటారు. రాజమండ్రి నుంచి ఒకావిడ "డబ్బులు కట్ అయిపోయాయండి, రీచార్జ్ అవ్వలేదు" అంటారు. అనంతపురం నుంచి మా పెదనాన్న లాంటివాళ్లు "దుడ్లు కట్ అయినాయి, రీచార్జ్ పడలే" అంటారు. 'దుడ్లు' అంటే ఏంటండీ అని తిరిగి అడిగితే ఆ పెద్దాయన మనసు చిన్నబుచ్చుకుంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కావాలనే ఇలాంటి మాట వేసి చూస్తారు. మీ ప్రాంతం కాని తెలుగు రోజూ కొంచెం వినండి. జవాబు మాత్రం వాళ్ల యాస అనుకరించకుండా మీ మామూలు తెలుగులో, 'అండి'తో చెప్పండి. అనుకరిస్తే ఎగతాళిలా వినిపిస్తుంది. ఎదుటి మనిషి పేరు తెలిస్తే 'గారు' తప్పనిసరి. బెంగళూరులో ఎక్కువకాలం ఉన్నవాళ్లు మాట మధ్యలో 'ఆయ్తు', 'సరి' లాంటి కన్నడ మాటలు అనేస్తుంటారు, దాన్ని కూడా గమనించుకోండి.

7. మామూలు ప్రశ్నలు

'మీ గురించి చెప్పండి' అంటే నిమిషంన్నర చాలు. మీ చదువు, చేసిన పని, ఈ పనికి పనికొచ్చే ఒక సంఘటన చెప్పండి. మెడికల్ షాపులో కూర్చుని గొడవపడే కస్టమర్‌ని సముదాయించినా, కాలేజీ ఫెస్ట్‌లో హెల్ప్ డెస్క్ చూసినా అది అనుభవమే. మా చెల్లి వాళ్ల నాన్న ఎరువుల దుకాణంలో రెండేళ్లు బిల్లింగ్ చూసింది. అది చెప్పాలని తనకు తోచనేలేదు. 'అప్పు మీద ఇవ్వలేమని రైతుకి ఎలా చెప్పేదానివి?' అని నేను అడిగితే, పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. ఆ పది నిమిషాల్లోంచి ఒక నిమిషం తీసి ఇంటర్వ్యూకి పెట్టుకున్నాం.

'ఇంటి నుంచే ఎందుకు?' అన్నప్పుడు పిల్లల్ని చూసుకోవచ్చని అంటే, షిఫ్టులో పిల్లల్నే చూస్తారని వాళ్లకు అర్థమవుతుంది. చిన్నపిల్లలున్న తల్లులు దాచాల్సిన పనిలేదు. "షిఫ్టు టైమ్‌లో మా అత్తమ్మ బాబుని చూసుకుంటారు, నాకు తలుపు వేసుకోగల గది ఉంది" అని ఏర్పాటు చెబితే ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. ఉద్యోగంలో గ్యాప్ ఉంటే ఒక్క వాక్యంలో నిజం చెప్పండి.

ఏహెచ్‌టీ అంటే ఒక కాల్‌కి సగటున పట్టే టైమ్, సీశాట్ అంటే కాల్ తర్వాత కస్టమర్ ఇచ్చే రేటింగ్, ఎస్కలేషన్ అంటే పైవాళ్లకు పంపడం. ఈ మూడూ తెలిసి ఉండాలి. 'టైమ్ ముఖ్యమా, కస్టమర్ సంతోషం ముఖ్యమా?' అని అడిగితే నా దృష్టిలో సరైన జవాబు ఒకటే. మొదటిసారే సమస్య తీరితే కస్టమర్ మళ్లీ ఫోన్ చేయరు, కంపెనీ టైమ్ మిగిలేది అక్కడే.

8. జీతం, కాగితాలు

సీటీసీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అది 3 లక్షలంటే నెలకు 25,000 చేతికొస్తుందని అనుకోకండి. ఉదాహరణకి బేసిక్ 12,500 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, సీటీసీలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ కింద మరో 600. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,500 కట్ అవుతుంది. మిగిలేది 21,400. అందులో 3,000 పర్ఫార్మెన్స్ పే ఉంటే, ఖాయంగా వచ్చేది దాదాపు 18,400. అందుకే "చేతికి ఖాయంగా ఎంత వస్తుంది, ఇన్సెంటివ్ ఎంత?" అని రెండూ విడివిడిగా అడగండి. గ్రాస్, అంటే కటింగులకు ముందు నెల జీతం, 21,000 లోపుంటే ఈఎస్ఐ అనే వైద్య బీమా వర్తిస్తుంది, మీ వాటా 0.75 శాతమే కట్ అవుతుంది. ఇంట్లోవాళ్లకు వైద్యం కూడా అందుతుంది కాబట్టి అది పోయే డబ్బు కాదు.

ట్రైనింగ్ రోజులకు జీతం ఉందా, ల్యాప్‌టాప్ వాళ్లే ఇస్తారా, నెట్ బిల్లు ఇస్తారా, కరెంటు పోయిన గంటలకు జీతం కోస్తారా, ఇన్నాళ్లు మానకూడదనే బాండ్ ఉందా? ఇవన్నీ ఆఫర్‌కి ఒప్పుకునే ముందే అడిగి, జవాబులు మెయిల్‌లో తెప్పించుకోండి.

దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామనే కన్సల్టెన్సీల జోలికి వెళ్లకండి. పీఎఫ్ ఖాతాకి ఇచ్చే యూఏఎన్ నంబర్‌లో మీరు ఎక్కడెక్కడ ఎన్నాళ్లు పనిచేశారో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, ట్రైనింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ వెనక్కిచ్చి ఏడుస్తూ వెళ్లిన పిల్లల్ని చూశాను. ఫ్రెషర్‌గా చేరడంలో నామోషీ ఏమీ లేదు.

9. ఇంటర్వ్యూ రోజు

పావుగంట ముందు లింకు తెరిచి మైక్, కెమెరా చూసుకోండి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. పక్కన గోరువెచ్చని నీళ్లు పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి. హెచ్ఆర్ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోండి, నెట్ పోయినప్పుడు అది స్క్రీన్ మీద దొరకదు.

బుధవారం పదకొండున్నరకి చెల్లి మా బెడ్‌రూమ్‌లో కూర్చుంది. తలుపు బయట నేను. మాక్ కాల్ నడుస్తుండగా వీధిలో కరెంటు పోయింది, మినీ యూపీఎస్ పట్టుకుంది, కానీ ఫైబర్ లైనే ఆగిపోయింది. లోపలి నుంచి తన గొంతు వినిపించింది, ఫోన్‌లో హెచ్ఆర్‌తో: "మేడమ్, మా ఏరియాలో నెట్ పోయింది. హాట్‌స్పాట్‌కి మారుతున్నాను, రెండు నిమిషాల్లో తిరిగి జాయిన్ అవుతాను." నిమిషంన్నరలో మళ్లీ మాటలు వినిపించాయి. అంతకుముందు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టింది: "మీ కంప్లైంట్ నంబర్ చెప్తున్నాను అండి..."

సాయంత్రం నాలుగింటికి మూడు వాక్యాల మెయిల్ పంపింది. టైమ్ ఇచ్చినందుకు థాంక్స్, మధ్యలో నెట్ ఆగినందుకు సారీ, ట్రైనింగ్ తేదీలకు తను సిద్ధమే. క్లయింట్ రౌండ్, అంటే ఎవరి కస్టమర్లకు పనిచేస్తామో ఆ కంపెనీవాళ్లు చేసే ఇంటర్వ్యూ, సోమవారం అని శుక్రవారం ఫోన్ వచ్చింది. ఈ ఆదివారం మళ్లీ వంటింట్లో నేను కస్టమర్‌ని, హాల్లో తను ఏజెంట్.